ఓవెన్ లేదు, గుడ్డు రాదు, పిల్లలకు మాత్రం కేకే కావాలి! వేసవి సెలవుల్లో ఏం చేయించాలి?

పద్మసరోవరం_అమ్మ | తిరుచానూరు

అందరికీ నమస్కారం. మాకు ఇద్దరు పిల్లలు. బాబుకు ఏడేళ్లు, పాపకు నాలుగు. సెలవులిచ్చినప్పటి నుంచి "అమ్మా, కేక్ చేద్దాం" అని ఒకటే గోల. ఫోన్‌లో వీడియోలు చూసి పట్టుకున్నారు ఈ పాట. మా ఇంట్లో ఓవెన్ లేదు. మా అత్తమ్మ వంటింట్లోకి గుడ్డు రానివ్వరు, ఆ విషయంలో నాకూ పేచీ లేదు. మన తిరుపతి ఎండలు తెలిసినవే, పదకొండయితే వీధిలోకి తల పెట్టలేం. పిల్లల్ని ఎటూ తీసుకుపోలేక ఇంట్లోనే ఏదో ఒకటి చేయించాలి.

అడగాల్సినవి రెండు. ఓవెన్, గుడ్డు లేకుండా పిల్లలతో కలిసి చేసుకునేవి ఏమున్నాయి? ఇంకోటి, ఈ వయసు పిల్లలకు వంటింట్లో ఏ పని చెప్పొచ్చు, ఏది చెప్పకూడదు? మా పాప గిన్నె పట్టుకుంటే సగం పిండి నేల మీదే. అది చూస్తే అత్తమ్మకు బీపీ.

కట్టమంచి_కోడలు | చిత్తూరు

కుక్కర్ కేక్ చేయండక్కా, చాలా సులువు. గ్యాస్‌కెట్, విజిల్ తీసేయండి. అడుగున ఒక గ్లాసు ఉప్పు పోసి స్టాండు పెట్టండి. పది నిమిషాలు వేడెక్కాక కేకు గిన్నె దించి మూత పెట్టి, సన్న సెగ మీద ముప్పావు గంట. మా ఇంట్లో పుట్టినరోజులన్నీ దీంతోనే జరిగిపోతాయి.

ఓవెన్_రాయుడు | ఎం.ఆర్.పల్లి

అక్కా, ప్రెషర్ కుక్కర్ మాత్రం వద్దు. నేను ఇంటి దగ్గరే కేకులు చేసి ఆర్డర్లకు ఇస్తుంటాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. కుక్కర్ నీళ్లు పోసి వాడుకునే వస్తువు. చాలా కుక్కర్ల మాన్యువల్‌లోనే నీళ్లు లేకుండా వేడి చేయొద్దని రాసి ఉంటుంది. ఖాళీ కుక్కర్‌ని గంటసేపు మంట మీద ఉంచితే అడుగు వంకరపోవచ్చు, మూత బిగువు పోవచ్చు. ఆ తర్వాత అదే కుక్కర్‌లో మళ్లీ పప్పు ఉడికిస్తాం కదా.

ఉప్పు పద్ధతిలో తప్పేం లేదు, పాత్ర మార్చండి చాలు. ప్రతి ఇంట్లో ఒక మందపాటి పాత తపేలా మూలన పడి ఉంటుంది. అందులో ఉప్పో, కడిగి ఆరబెట్టిన ఇసకో పోసి, స్టాండు పెట్టి, బరువైన మూత వేస్తే పని అయిపోతుంది. కాలిన ఉప్పు కూరలోకి పనికిరాదు, ఒక డబ్బాలో పోసి పెట్టుకుంటే మళ్లీ మళ్లీ కేకులకే వాడుకోవచ్చు.

కట్టమంచి_కోడలు

ఇన్నేళ్లుగా చేస్తున్నా, మా కుక్కర్‌కి ఏమీ కాలేదు రాయుడన్నా. 😊 అయినా తపేలా మాట బాగుంది. మా అమ్మ వాళ్లింట్లో ఒకటుంది.

గ్రీమ్స్‌పేట_అవ్వ | చిత్తూరు

అమ్మాయీ, నాకు టైపింగు రాదు, మా మనవడు కొడతా ఉండాడు, నేను చెప్తా ఉండా.

పిల్లలకు కావాల్సింది కేకు కాదమ్మా. చేతికి పని, ఆ పని అయినాక నోటికి తీపి. ఇంట్లో దోసె పిండి మిగిలి ఉంటుంది కదా? అందులో బెల్లం కరిగించి వడగట్టి పొయ్యి, ఒక మాగిన అరటిపండు పిసికి వెయ్యి, పచ్చి కొబ్బరి కోరు, యాలకల పొడి వెయ్యి. గుంత పొంగణాల పెనంలో నెయ్యి చుక్క వేసి పొయ్యి. మీ వాళ్లు వీడియోలో చూసే కప్పు కేకు కూడా ఇంచుమించు ఇదే కదా. పండు పిసికే పని పాపకివ్వు. నాలుగేళ్ల పిల్లకు అంతకంటే సంబరం ఉండదు. బెల్లం నలగ్గొట్టేది పిల్లోడికివ్వు. పెనం దగ్గర మాత్రం నువ్వే ఉండు. ఇనుప పెనం మంట తీసేసినా చానాసేపు కాలతానే ఉంటుంది.

ఇంకొకటి చెనిక్కాయ ఉండలు. పాకం పెట్టేది కాదు, పాకం లేనిది. విత్తనాలు దోరగా వేయించి ఆరబెట్టు. పిల్లలిద్దర్నీ చేట ముందర కూచోబెట్టు. అరచేతుల్తో నలిపితే పొట్టు ఊడొస్తుంది. ఉఫ్ ఉఫ్ అని ఊదమను. మిద్దె మీదనో వాకిట్లోనో చేయించు, ఇంట్లో వద్దు, పొట్టంతా ఎగిరి మీ అత్తమ్మ మళ్లీ కేకలేస్తుంది. పొట్టు పోయిన విత్తనాల్ని బెల్లంతో కలిపి రోట్లో దంచు, లేకుంటే మిక్సీలో ఆపి ఆపి తిప్పు. నూనె వదిలి ముద్దవుతుంది. ఉండలు కట్టేది వాళ్లే. పెద్దదీ చిన్నదీ వంకరదీ ఎట్లయినా కట్టనీ. సరిచెయ్యబాకు.

బెంగళూరు_చిత్తూరోడు | బెంగళూరు

అవ్వా, మీ మాట కాదనను కానీ మా ఇంట్లో ఇది పారలేదు. మా పాపకు ఆరేళ్లు. కేక్ అడిగిన పిల్లకు పొంగణం పెడితే "ఇది కేక్ కాదు నాన్నా" అని మొహం మీదే చెప్పేసింది. తినింది, అది వేరే మాట. పిల్లలు అడిగింది ఒకటి, మనం పెట్టేది ఇంకోటి అయితే ఆ ఉత్సాహం అక్కడే చస్తుంది. మొదటిసారైనా కేకే చేయించండి. పొంగణాలు రెండోసారికి.

పలమనేరు_టీచరమ్మ | పలమనేరు

ఇద్దరి మాటా నిలిచే దారి ఒకటి ఉంది. ఇడ్లీ పాత్రలో కేక్.

ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలకు పాఠాలు చెప్తాను. ఇంట్లో మా పిల్లలతో ఎక్కువగా చేయించేది ఇదే. ఒక కప్పు గోధుమపిండి, అర కప్పు బెల్లం పొడి, బాగా మాగిన అరటిపండు ఒకటి, పావు కప్పు పెరుగు, మూడు పెద్ద చెంచాల నూనె, అర చిన్న చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు. ఇడ్లీ పిండిలా జారేదాకా పాలు పోసుకోవాలి. చాక్లెట్ రంగు కావాలంటే రెండు పెద్ద చెంచాల పిండి తగ్గించి, అంతే కోకో పొడి వేయండి. అప్పుడు బెంగళూరు పాప కూడా కేక్ కాదనలేదు. ఇడ్లీ గుంతలకు నూనె రాసి, ముప్పావు వంతు నింపి, నీళ్లు మరిగాక పెట్టి పన్నెండు నిమిషాలు. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు. ఆవిరి మీద ఉడికింది కాబట్టి పైన ఎర్రగా కాలదు, మెత్తగా మాత్రం ఉంటుంది.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. సోడా చివర్లోనే వేయాలి. వేశాక ఫోన్ మాట్లాడుతూ కూర్చోకూడదు. పెరుగులోని పులుపు తగలగానే సోడా బుడగలు వదలడం మొదలుపెడుతుంది. ఆ బుడగల వల్లే కేకు పొంగేది. ఆలస్యం చేస్తే గాలంతా గిన్నెలోనే పోతుంది.

ఏడేళ్ల బాబు ఉన్నాడన్నారు కదా, ముందు ఒక గ్లాసులో కొంచెం సోడా వేసి నిమ్మకాయ పిండించి చూపించండి. బుస్సుమని పొంగుతుంది. "కేకులో కూడా ఇదే జరుగుతుంది, ఆ బుడగలు పిండిలో చిక్కుకుపోతాయి" అని చెప్తే చాలు. ఇంట్లో సోడా పాతబడిందో లేదో కూడా ఇదే పద్ధతిలో తెలిసిపోతుంది, పొంగకపోతే పారేయడమే. బేకింగ్ పౌడర్ అయితే నిమ్మకాయ అక్కర్లేదు, పులుపు అందులోనే కలిపి ఉంటుంది. వేడి నీళ్లలో వేసి చూస్తే బుడగలు రావాలి.

పద్మసరోవరం_అమ్మ

టీచరమ్మా, ఇది ఎందుకు తట్టలేదో నాకు! ఇడ్లీ పాత్ర లేని ఇల్లుందా మన దగ్గర. రేపే చేస్తాం. అవ్వా, పొట్టు ఊదే పని కూడా రాసుకున్నా, మిద్దె మీదే. 🙏

నర్సక్క | కొర్లగుంట

నేను పిల్లల వార్డులో పనిచేస్తాను. మీ రెండో ప్రశ్న ఎవరూ పట్టించుకున్నట్టు లేదు, అందుకే రాస్తున్నా. కొంచెం పొడుగైతే ఏమనుకోవద్దు.

వంటింట్లో కాలి మా దగ్గరకు వచ్చే పిల్లల్ని చూస్తే, మంట అంటుకున్న వాళ్లకంటే వేడి ద్రవం మీద పడ్డ వాళ్లే ఎక్కువ కనబడతారు. టీ, సాంబారు, మరిగే నీళ్లు, పాలు. చిన్నపిల్లలు గట్టు మీదున్న గిన్నెను అంచు పట్టి లాగుతారు. కాబట్టి పిల్లలు పనిచేసే చోటు పొయ్యి గట్టు కాకూడదు. కింద చాప వేసి, దాని మీద పాత దుప్పటి పరిచి అక్కడ పెట్టండి వాళ్ల వంటిల్లు. పిండి పడితే దుప్పటి దులుపుకోవచ్చు, అత్తమ్మ గారికీ బీపీ రాదు. వేడి గిన్నెతో ఎవరూ ఆ చాప దాటి నడవకూడదు, అది మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి.

ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు పిల్లలు పక్కన ఉండకూడదు. ఆవిరి కంటికి సరిగా కనబడదు కానీ చర్మాన్ని మరిగే నీళ్లలాగే కాలుస్తుంది. మూతని మీ వైపు కాకుండా అటువైపు ఎత్తండి.

పాకం సంగతికొస్తే, అవ్వ పాకం లేని ఉండలు చెప్పారు, చాలా మంచి మాట. ముదురు పాకం నీళ్లు మరిగే 100 డిగ్రీలకన్నా చాలా ఎక్కువ వేడిలో ఉంటుంది, పైగా జిగురుగా అంటుకుని ఊడిరాదు. పిల్లల్ని ఆ దరిదాపుల్లోకి రానివ్వొద్దు. ఎక్కడైనా కాలితే వెంటనే కొళాయి కింద పెట్టి 20 నిమిషాలు మామూలు నీళ్లు పారనివ్వండి. ఐస్ వద్దు. టూత్‌పేస్ట్, సిరా, పసుపు, నెయ్యి ఏదీ పూయొద్దు. బొబ్బ పెద్దదైనా, మొహం మీదో చేతుల మీదో కాలినా ఆస్పత్రికి తీసుకురండి.

ఇక పచ్చి పిండి. కేకు గిన్నె నాకడం పిల్లలకు ప్రాణం. గుడ్డు లేదు కదా, ఏం కాదులే అనుకుంటాం. మైదా, గోధుమపిండి కూడా పచ్చిది పచ్చిదే. పొలం నుంచి మిల్లు దాకా ఎక్కడైనా క్రిములు చేరి ఉండొచ్చు, ఉడికితేనే అవి చస్తాయి. సున్నుండలకైతే మినుములు ముందే వేయించి విసురుతాం కాబట్టి చేతులు నాకినా భయం లేదు. నాకే సరదా తీరాలంటే మన ఉండల పిండే మేలు.

5 ఏళ్ల లోపు పిల్లలకు చెనిగ్గింజలు, జీడిపప్పు, బాదం లాంటివి గింజలుగా ఇవ్వొద్దు, గొంతులోకి పోతే ఊపిరి ఆడదు. పొడి చేసో, మెత్తగా నూరో పెడితే పర్వాలేదు, పడని పిల్లలకు తప్ప. పాపకు ఉండ పెట్టేటప్పుడు అందులో బద్దలు మిగల్లేదు కదా అని చూసుకోండి. ఇంట్లో ఏడాది నిండని బిడ్డలెవరైనా ఉంటే తేనె ఒక్క చుక్క కూడా నాకించొద్దు.

నాలుగేళ్ల పాప చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి. కడగడం, కరివేపాకు దూయడం, కొలిచిన పిండి గిన్నెలో పోయడం, చపాతీ పిండి పిసకడం. ఏడేళ్ల వాడైతే కొలవగలడు, జల్లించగలడు, మొద్దు కత్తితో అరటిపండు కోయగలడు. పొయ్యి ముట్టించడం ఇప్పుడప్పుడే వద్దు.

ఓవెన్_రాయుడు

నర్సక్క చెప్పిన చాప ఉపాయం బంగారం.

చక్కెర_వద్దు | రేణిగుంట

అందరూ తీపే చెప్తున్నారు. పిల్లలకు చిన్నప్పుడే తీపి అలవాటు చేసి, తర్వాత పళ్లు పుచ్చాయని, లావయ్యారని ఏడవడం ఎందుకు? కనీసం మైదా, చక్కెర మానేసి బెల్లంతో చేస్తే ఆరోగ్యానికి మంచిది, ఐరన్ కూడా వస్తుంది.

నర్సక్క

మీ భయంలో న్యాయం ఉంది. కానీ బెల్లం కూడా తీపే అండీ. ఒంట్లోకి పోయాక దాదాపు చక్కెర చేసే పనే చేస్తుంది. రుచి కోసం, వాసన కోసం వాడండి, మందులా చూడొద్దు. విడిగా కలిపే తీపి రోజు మొత్తం శక్తిలో పదో వంతు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది, సగానికి తగ్గిస్తే ఇంకా మంచిదంది. ఆ లెక్కలో బెల్లం, తేనె కూడా ఉన్నాయి. రెండేళ్ల లోపు వాళ్లకైతే కలిపిన తీపి అసలు అక్కర్లేదు.

నిజం చెప్పాలంటే, ఇంట్లో ఆదివారం చేసుకునే కేకు కంటే రోజూ కొనిపెట్టే బిస్కెట్ ప్యాకెట్టే లెక్కలోకి తీసుకోవాల్సింది.

బెంగళూరు_చిత్తూరోడు

👏 రోజూ సాయంత్రం టీలో ముంచి తినే పాకెట్టు ఎవరికీ కనబడదు. పిల్లలు చేసుకున్న కేకు దగ్గరే అందరికీ ఆరోగ్యం గుర్తుకొస్తుంది.

చక్కెర_వద్దు

సరే, ఒప్పుకుంటా. తీపి తక్కువుండే బిస్కెట్ ఏదైనా చెప్పండి మరి. రాగి పిండితో అయితే మా ఇంట్లో అందరూ తింటారు.

ఓవెన్_రాయుడు

చెప్తా. కానీ ముందు ఒక మాట. గ్లాసు, గుప్పెడు, చిటికెడు కొలతలతో కేకులు, బిస్కెట్లు నిలకడగా రావు. మీ గ్లాసు వేరు, మా గ్లాసు వేరు. పుస్తకాల్లో కప్పు అంటే 240 మిల్లీలీటర్లు. ఆ కప్పు మైదా 120 నుంచి 130 గ్రాములు, కుదించి నింపితే 150 దాటిపోతుంది. "కేక్ గట్టిపడింది అన్నా" అని నన్ను అడిగేవాళ్లలో చాలామంది కథ ఇదే. చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి. ఏడేళ్ల బాబుకు అంతకంటే మంచి ఆటవస్తువు లేదు. వంద వచ్చేదాకా పోయడం, ఎక్కువైతే తీయడం, అంకెలు చదవడం అన్నీ వాడే చేసుకుంటాడు.

ఇప్పుడు బిస్కెట్లు. రాగిపిండి 100 గ్రాములు, గోధుమపిండి 100, వెన్న 100, బెల్లం పొడి 90, అర చిన్న చెంచా బేకింగ్ పౌడర్, యాలకల పొడి. ఉప్పు లేని వెన్న అయితే చిటికెడు ఉప్పు. రాగిపిండిని ముందు కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి పూర్తిగా చల్లార్చాలి. వెన్న, బెల్లం నురగలా కలిపి, పిండ్లు వేసి, రెండు మూడు పెద్ద చెంచాల పాలతో ముద్ద చేయాలి. వెన్న బదులు నెయ్యి అయితే 80 గ్రాములు చాలు, వెన్నలో కొంత నీళ్లు ఉంటాయి, నెయ్యిలో ఉండవు. మొత్తం రాగిపిండితో చేద్దామని ఆశపడొద్దు. రాగిలో బంక ఉండదు కాబట్టి బిస్కెట్ పట్టుకోగానే పొడైపోతుంది. సగం గోధుమ అందుకే.

ఎండాకాలం మధ్యాహ్నం ఈ ముద్ద చేత్తో పట్టుకుంటే కారిపోతుంది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీసి పిల్లలకివ్వండి. ఉండ చేసి, అరచేత్తో అదిమి, ఫోర్కుతో గీతలు పెట్టడం వాళ్ల పని. ఓవెన్ ఉంటే 170 డిగ్రీల్లో 15 నుంచి 18 నిమిషాలు. తపేలా అయితే సన్న సెగ మీద పాతిక నిమిషాల నుంచి చూస్తుండాలి. తీసేటప్పుడు మెత్తగానే ఉంటాయి, ఆరాక గట్టిపడతాయి. ఇంకా కాలలేదని వదిలేస్తే మాడతాయి.

గ్రీమ్స్‌పేట_అవ్వ

అబ్బాయ్, కాటా పెట్టి వండితే అది వంట ఎట్లవుతుంది? మా కాలంలో కంటితోనే కొలిచి ఊరందరికీ ఓలిగలు చేసినాం. ఒక్కటి కూడా చెడిపోలేదు.

ఓవెన్_రాయుడు

అవ్వా, మీ కన్నే కాటా. అరవై ఏళ్ల అనుభవం నాలుగేళ్ల పాపకు ఎక్కడినుంచి తేను?

అయినా కొలత మనకు కొత్తేం కాదు. తిరుమల కొండ మీద పోటులో, అంటే స్వామి వంటశాలలో, లడ్డూ చేసేది కంటి అంచనాతోనా? శెనగపిండి ఎంత, నెయ్యి ఎంత, చక్కెర, జీడిపప్పు, యాలకలు ఎంతెంత అన్నది దిట్టం, అంటే సరుకుల కొలతల పట్టీ ప్రకారమే వేస్తారు. ఆ దిట్టాన్ని కాలాన్ని బట్టి మార్చుకుంటూ వచ్చారు కానీ, దిట్టం లేకుండా ఎప్పుడూ చేయలేదు. రోజూ లక్షల లడ్డూలు ఒకే రుచితో రావాలంటే ఇంకో దారి లేదు. 2009లో తిరుపతి లడ్డూకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన ఊళ్లో ఉంటూ కొలతను తక్కువ చేయకూడదవ్వా. 😄

గ్రీమ్స్‌పేట_అవ్వ

స్వామి పేరు చెప్పి నోరు మూయించినావు. (ఇది అవ్వ మాటే, నేను కలపలేదు – మనవడు)

కట్టమంచి_కోడలు

😂😂

నర్సక్క

రాగి గురించి ఒక ముక్క. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని ఉంది. పాలకంటే దాదాపు మూడు రెట్లు. కాకపోతే ఒక్కో బిస్కెట్లో పడేది నాలుగైదు గ్రాముల రాగిపిండే, కాబట్టి రాగి బిస్కెట్ తిన్నాడు కదా అని పాలు మానేయొద్దు. సంగటి సంగటే.

నిర్వాహకులు

ఓవెన్ల అమ్మకం లింకులు పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. కొనుగోలు సలహాలకు వేరే విభాగం ఉంది, అక్కడ అడగండి.

బెంగళూరు_చిత్తూరోడు

బిస్కెట్లు అంటే గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు చిత్తూరులో సెలవులకు అమ్మ పిండి, చక్కెర, డాల్డా మూటగట్టి మమ్మల్ని వెంటబెట్టుకుని బేకరీకి పోయేది. అక్కడే కలిపి, ట్రేల్లో పేర్చి, భట్టీలో పెట్టి ఇచ్చేవాళ్లు. కూలి మాత్రం తీసుకునేవాళ్లు. పెద్ద రేకు డబ్బా నిండా బిస్కెట్లు ఇంటికొచ్చేవి. మేం బయట నిలబడి ఆ వాసన పీల్చడమే తప్ప లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు మా పాప పిండిలో చెయ్యి పెట్టి కలుపుతుంటే నాకే అసూయగా ఉంటుంది.

ఇంకా ఎక్కడైనా అలా చేసిచ్చేవాళ్లు ఉన్నారా?

కట్టమంచి_కోడలు

మా నాన్న కూడా చెప్తుంటారు ఇదే. ఇప్పుడు నేనైతే చూడలేదు అన్నా.

పద్మసరోవరం_అమ్మ

ఇడ్లీ కేకులు అయ్యాయి! పొద్దున ఏడింటికే మొదలుపెట్టాం, ఎండ ముదరకముందే. నర్సక్క చెప్పినట్టు చాప, దుప్పటి. పాప అరటిపండును పిసికిన తీరు చూస్తే దానికేదో పాత కక్ష ఉన్నట్టుంది. బాబు సోడా, నిమ్మకాయ ఆట ఆపడే, సగం ప్యాకెట్ అక్కడే అయిపోయింది. కోకో వేశాం. అత్తమ్మ దూరంగా కూర్చుని "బెల్లంలో ఇసక ఉంటుంది, కరిగించి వడగట్టండి" అని సలహా ఇచ్చారు. కాసేపటికి ఆమే దగ్గరికొచ్చి గుంతలకు నూనె రాశారు. తిన్నాక "మెత్తటి ఇడ్లీలా ఉంది, బాగుంది" అన్నారు. మా అత్తమ్మ నోట బాగుంది అన్న మాట అంత తేలిగ్గా రాదు.

ఒక సందేహం. పై ప్లేటులోవి పైన తడి తడిగా, అంటుకునేట్టు వచ్చాయి. కింది ప్లేట్లోవి బాగానే ఉన్నాయి. ఎందుకు?

పలమనేరు_టీచరమ్మ

మూతకు పట్టిన ఆవిరి చుక్కలుగా పడింది అంతే. ఒక పల్చటి గుడ్డను మూతకు లోపలివైపు పరిచి, కొసలు పైకి మడిచి కట్టండి, మంటకు వేలాడకుండా. చుక్కలన్నీ గుడ్డ పీల్చుకుంటుంది.

అత్తమ్మ గారి వడగట్టే మాట సరైందే. కరిగించిన బెల్లం నీళ్లు పూర్తిగా చల్లారాకే పెరుగులో, పాలలో కలపండి. వేడి బెల్లంలో పాలు పోస్తే విరిగిపోతాయి. నీళ్లు కలిశాయి కాబట్టి పాలు ఆ మేరకు తగ్గించుకోండి.

మామిడి కాలం వచ్చేసింది కదా, తర్వాత ఇది చేసి చూడండి. ఒక కప్పు బొంబాయి రవ్వ, ఒక కప్పు మామిడి గుజ్జు, అర కప్పు చక్కెర, పావు కప్పు నూనె కలిపి ఇరవై నిమిషాలు నాననివ్వాలి. రవ్వ గుజ్జు పీల్చుకుని గట్టిపడితే కొంచెం పాలు పోసి, చివర్లో ఒక చిన్న చెంచా బేకింగ్ పౌడర్ వేసి తపేలాలోనో ఇడ్లీ పాత్రలోనో పెట్టుకోవడమే. గుజ్జే గుడ్డు పని కూడా చేస్తుంది. మన జిల్లాలో గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే తోతాపురి కాకుండా, బాగా మాగిన బేనీషా (బంగినపల్లి) అయితే తీపి, వాసన రెండూ ఉంటాయి. పండు పిసికి రసం తీసే పని ఎవరిదో మీ ఇంట్లో ఇప్పటికే తేలిపోయింది.

చక్కెర_వద్దు

మామిడే అంత తీపి ఉంటే మళ్లీ అర కప్పు చక్కెర ఎందుకు?

పలమనేరు_టీచరమ్మ

పావు కప్పుతో కూడా చేస్తాను. తగ్గిస్తే కొంచెం బరువుగా, హల్వా తరహాలో వస్తుంది. పిల్లలు తేడా కనిపెట్టరు, పెద్దవాళ్లే కనిపెడతారు.

పద్మసరోవరం_అమ్మ

మా ఆయన ఉత్సాహం వచ్చి ఓటీజీ (కరెంటు ఓవెన్) కొందాం అంటున్నారు. లింకులు వద్దు, ఒక్కటే అడుగుతా. కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది? వంటింట్లో మామూలు ప్లగ్గే ఉంది.

ఓవెన్_రాయుడు

బిల్లుకంటే ప్లగ్ గురించే ముందు ఆలోచించండక్కా. ఇంటికి సరిపోయే ఓటీజీలు చాలావరకు 1200 నుంచి 1600 వాట్లు ఉంటాయి. 1500 వాట్లది ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. ఫ్యాన్లకు, ఫోన్ ఛార్జర్లకు వాడే చిన్న సాకెట్ 6 ఆంపియర్లదే, అది వేడెక్కుతుంది. గీజరుకు ఉండేలాంటి 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద అస్సలు పెట్టొద్దు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పాయింట్ వేయించుకున్నాకే ఓటీజీ కొనండి.

కరెంటు అంటారా, గంటసేపు ఆపకుండా కాలినా యూనిటున్నర. వేడి అందుకున్నాక మధ్యలో దానంతటదే ఆగుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి నిజంగా అంత కూడా కాదు. అసలు బాధ వంటిల్లు కొలిమి అయిపోవడం. మే నెలలో మేం తెల్లవారుజామున నాలుగున్నరకే మొదలుపెడతాం. మీరైతే వానలు పడ్డాక కొనండి, అప్పటిదాకా తపేలా ఉంది కదా.

నర్సక్క

కొంటే అద్దం తలుపు పిల్లల ఎత్తుకు రాకుండా గట్టు మీద లోపలికి పెట్టించండి. వైరు వేలాడకూడదు. స్విచ్ ఆపాక కూడా అద్దం చాలాసేపు కాలుతుంది.

పద్మసరోవరం_అమ్మ

అయితే వానాకాలమే. మా ఆయనకు ఈ పోస్టు చూపిస్తా. 😀

ఈ ఆదివారం రాగి బిస్కెట్లు తపేలాలో. బాబు అప్పుడే కాటా మీద ఇంట్లో ఉన్న ఉల్లిపాయలన్నీ తూచేశాడు. చేసిన బిస్కెట్లు ఎన్ని రోజులు నిలవుంటాయి? బెల్లంతో చేసినవి మెత్తబడతాయని ఎవరో అన్నారు.

ఓవెన్_రాయుడు

నిజమే, బెల్లం గాల్లో తేమ లాగుతుంది. పూర్తిగా చల్లారాకే డబ్బాలో వేయండి. వేడిమీద మూత పెడితే లోపలే చెమటపట్టి మర్నాటికే మెత్తబడతాయి. గాలి చొరని డబ్బాలో వారం బాగుంటాయి. మెత్తబడ్డా పాడైనట్టు కాదు, తపేలాలో మళ్లీ ఐదు నిమిషాలు వేడి చేసి ఆరబెడితే కరకరలాడతాయి.

గ్రీమ్స్‌పేట_అవ్వ

పిల్లలున్న ఇంట్లో వారం ఎక్కడ మిగుల్తాయి. డబ్బా పైన అలమరలో పెట్టు.

కట్టమంచి_కోడలు

అక్కా, మా అమ్మ వాళ్ల తపేలా తెచ్చుకున్నా, నేను కూడా ఆదివారమే. స్టాండు లేదు, కూర గిన్నెల కింద పెట్టే ఇనుప రింగు సరిపోతుందా రాయుడన్నా?

ఓవెన్_రాయుడు

సరిపోతుంది. ప్లాస్టిక్ కాళ్లు, రబ్బరు తొడుగులు లేకుంటే చాలు. కేకు గిన్నె తపేలా గోడలకు తగలకుండా చుట్టూ వేలు పట్టేంత ఖాళీ వదలండి, వేడి గాలి తిరగాలి.